పోశం కాక గొంతు

“కాక మాటలు అండ్ల ఎందుకే? తీసెయ్యి.”

“అవొక్కటే తీసుడు రాదమ్మా. బాపు చెప్తుంటే నడుమల కాక అందుకున్నడు. నేనేం జెయ్యాలె?”

“అయితే మొత్తమే తీసెయ్యి.”

“పొద్దటి సంది ఇదే లొల్లి,” అన్నాడు శివ, ఆటో తాళంచెవి వేలికి తిప్పుతూ. “బాపు ఏమన్న మినిస్టరా? ఆయన కత ఎవలింటరు?”

సంతోషి సెల్‌ఫోన్‌ను చున్నీ చాటుకు లాక్కుంది. డిగ్రీ చదువుతున్న ఆ పిల్లకు తండ్రి రాయమల్లు బతుకు కథ రికార్డు చేయాలన్న పిచ్చి పట్టింది. ఊరి ముచ్చట్లు, బొగ్గుబాయిలో దిగిన నాటి సంగతులు అన్నీ ఆయన గొంతుతోనే. మెమరీ కార్డుల్లో ఎక్కించి చుట్టాలందరికీ పంచుతుందట. ‘అందరికీ’ అన్న మాట దగ్గరే తల్లి మల్లక్కకు భయం పట్టుకుంది.

రాయమల్లు ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరింది, ఇక పని చేయలేడని డాక్టర్లు తేల్చారు. ఆ ఉద్యోగం కొడుకు శివకు రావాలి. ఒక్క విచారణ మిగిలింది. మారుపేరుతో పనిచేశారని తేలితే పిల్లలకు నౌకరి ఇవ్వడం లేదని కాలనీ అంతా గుసగుస. వెనక లైను అనసూర్య కొడుకు అట్లాగే ఇంట్లో కూర్చున్నాడు.

తన మొగుడిదీ మారుపేరే. ఆ సంగతి మల్లక్క కడుపులోనే ఉంది, పిల్లలకు తెలియదు. పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పాడు. “నేను బాయిల దిగింది ఇంకొకని పేరు మీద. ఆ మనిషి సంగతి అడుగకు.” ఆ గొంతు విని, చచ్చిపోయినవాడి పేరేమో అనుకుంది. మళ్లీ అడగలేదు. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న ఆచారం ఆమెకు మేలే చేసింది. ఇన్నేళ్లలో ఆ పేరుతో ఒక్క అబద్ధం ఆడవలసిన పని పడలేదు.

ఇప్పుడు ఫోనులో పోశం కాక గొంతు పడింది. “మా ఇంటి ముందర చింతచెట్టుండె,” అని రాయమల్లు చెబుతుంటే, వరండాలోంచి కాక “చింత గాదు, ఇప్ప. అవ్వ పువ్వు ఏరుతుండె గదా,” అన్నాడు. తర్వాత రాయమల్లు, “అవు, ఇప్పనే,” అన్నాడు. తన ఇంటి ముందరి చెట్టేదో ఎరగని మనిషిని ఎవరైనా అనుమానించరా?

పోశం కాక రాయమల్లు ఊరివాడే. పెళ్లి లేదు, పిల్లల్లేరు. బొగ్గు లారీలు నింపే పని చేసీ చేసీ నడుం పోయాక ఈ క్వార్టరు వరండాలోనే మంచం వేసుకున్నాడు. వినికిడి సగం పోయింది. ఎవరిని పిలిచినా తననే అనుకుని పలుకుతాడు. కూరగాయల బండివాడు అరిచినా “ఆఁ!” అంటాడు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు వంటింటి గిన్నెలు గలగలలాడాయి. ఆ చప్పుడు సద్దుమణగక ముందే గేటు దగ్గర ఎవరో పిలిచారు.

“రాయమల్లు ఉన్నడా?”

“ఆఁ!” అన్నాడు పోశం కాక.

మల్లక్క చేతిలోని చాట కింద పడింది. ఒక్క అంగలో బయటికొచ్చింది. గేటు దగ్గర చంకకు సంచీ తగిలించుకుని విచారణకు వచ్చిన సారు నిలబడి ఉన్నాడు.

“ఈయనకు చెవుడు సారూ! మా ఆయన దవాఖానకు పోయిండు.”

“మరి ఈయనెవరు?”

“దూరపు సుట్టం సారూ.”

సారు కాకను ఎగాదిగా చూశాడు. “ఎల్లుండి మళ్లొస్త. ఇంట్ల అందరితోటి మాట్లాడాలె. ఈయనతోటి సుత.”

ఆయన మలుపు తిరిగేదాకా మల్లక్క గేటు పట్టుకునే నిలబడింది. లోపలికొచ్చి కాక సంచీ తీసింది. రెండు ధోతులు, ఒక దుప్పటి, ఆయన చాయ తాగే గిలాస అందులో పెట్టింది.

“పోశం, గోలేటిల మా చెల్లెలింటికి పో. కొన్నొద్దులు అక్కడనే ఉండు.”

ఆయన ఎందుకని అడగలేదు. “సరే వదినె. నాకు ఏడైతేంది,” అని చెప్పుల కోసం మంచం కింద తడిమాడు.

“అమ్మా, కాకను ఎల్లగొడుతున్నవా?” సంతోషి అడ్డమొచ్చింది. “నాయినమ్మ సచ్చిపోయిననాడు బాపు డ్యూటీల ఉంటే, ఊరికి పోయి గుండు గీయించుకొని కర్మ చేసింది కాకనే గదా. రికార్డుల బాపే చెప్పిండు.”

“మంచోడు గాదని నేనన్ననా? మంచోని నోటికే తాళముండది.”

“సారు ముంగట కాక మల్ల అట్లనే పలికి నా నౌకరి పోతే నువ్విస్తవా?” శివ చెల్లెలి మీదికి లేచాడు. “ఇన్నేండ్లు సాకినం, సాలదా?”

సాయంత్రం రాయమల్లు దవాఖాన నుంచి వచ్చేసరికి కాక సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, శివ ఆటో కోసం. మల్లక్క గుక్కతిప్పుకోకుండా జరిగిందంతా చెప్పింది. ఆయన సంచీ అందుకుని లోపలికి తెచ్చి, తన మంచం మీద పెట్టాడు. దగ్గు తెర ఆగేదాకా గోడ పట్టుకున్నాడు.

“సంతోషీ, సెల్లు బంద్ జెయ్యి. అందరు ఇట్ల రాండ్రి.”

ముగ్గురూ దగ్గరికొచ్చారు.

“కాక ఏడికి పోడు. ఇయ్యాల్టి సంది వరండాల పండడు, ఇగో, ఈ మంచం ఆయనది.”

“ఆయన నోరు జారితే పోరని బతుకేం గావాలె?” మల్లక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ఇన్నేండ్లు జారలే. ఇప్పుడు జారుతదా?”

“వద్దురా…” బయటినుంచి కాక గొంతు సన్నగా వినిపించింది.

రాయమల్లు తలుపు వైపు చూశాడు. గొంతు పెంచకుండా, ఇంట్లోవాళ్లకు మాత్రమే వినబడేలా అన్నాడు.

“అసలు రాయమల్లు ఆయననే.”