మూడు బోర్డుల దారి

కోడలు బిల్లు కట్టి వెనక్కి తిరిగేసరికి మామగారు లేరు.

అరగంట క్రితం క్యూలో నిలబడేముందు ఆయన్ని తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. ఇప్పుడా కుర్చీలో ఎవరిదో గొడుగు ఉంది.

"ఇక్కడ కూర్చున్న పెద్దాయన ఏరీ?"

బిల్లు వేసే అమ్మాయి తల ఎత్తలేదు. "ఏమోనండీ. ఇందాక నూనె డబ్బా పట్టుకొచ్చి, పచ్చబోర్డు వాళ్లు దీనికి గరిటె ఉచితంగా ఇస్తున్నారు, మీకేం రోగమని నన్ను నిలదీశారు."



మామగారు ముప్పై ఏళ్లు ఒక హాస్టల్ వంటగదికి సరుకులు కొన్న మనిషి. ఊళ్లో మూడు కంపెనీల సూపర్ మార్కెట్లున్నాయి. బోర్డుల రంగును బట్టి ఎర్రబోర్డు, పచ్చబోర్డు, నీలంబోర్డు అంటారందరూ; ఇప్పుడు వచ్చింది ఎర్రబోర్డుకి. ఏది ఎక్కడ చవకో, ఎవరి సరుకు తాజాగా ఉంటుందో, ఎవరు తూకంలో చేతివాటం చూపిస్తారో ఆయనకు కంఠతా వచ్చు. వీధిలోవాళ్లు ఆయనకు 'ధరల పట్టిక' అని పేరు పెట్టారు.

ఏడాదిగా ఆయనకు మతి నిలవడం లేదు. కొడుకు పేరు మరిచిపోయారు. ఇంటి దారి మరిచిపోయారు. సబ్బు ధర మాత్రం మరిచిపోలేదు.

పైగా షుగరు. పొద్దున తిన్నది రెండు రొట్టె ముక్కలు.

సంచులు అక్కడే పడేసి, ఫోన్‌లో భర్తకు సంగతి చెబుతూనే కోడలు పచ్చబోర్డు షాపుకి పరిగెత్తింది.

"తెల్ల చొక్కా, చేతికర్ర... ఒక పెద్దాయన వచ్చారా?"

"రాకేం!" అన్నాడు కూరగాయలు తూచే అతను. "టమాటాలు నొక్కి చూసి, ఇవి నిన్నటివి, ఎర్రబోర్డులోవే నయం అని అందరికీ వినబడేలా చెప్పారు. నా ముందున్న ఇద్దరు బుట్టలు వదిలేసి పోయారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"వెళ్లి చాలాసేపైంది. భయమెందుకండీ, ఆయన కూతురు పక్కనే ఉందిగా?"

మామగారికి కూతురే లేదు.

"ఎవరు? ఎలా ఉంది?"

"పసుపు చీర. ఆయన పర్సు కూడా ఆవిడే పట్టుకుంది."



బయటికొచ్చి భర్తకు మళ్లీ ఫోన్ చేసింది.

"దొరికారా?"

"లేదు. ఎవరో ఆడమనిషి..."

"నాన్న చెయ్యి వదలొద్దని చెప్పానా లేదా?"

ఆమె ఫోన్ పెట్టేసి కూడలి వైపు పరిగెత్తింది.

కూడలిలో బస్సు ఆగి ఉంది. చుట్టూ జనం. "అయ్యో, అయ్యో" అంటున్నారెవరో. ఆమె ఆ జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ లోపలికి దూరింది.

స్కూటరు పడిపోయి ఉంది. రోడ్డంతా పాలు. పడినది మామగారు కాదు.

బస్సుకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆసుపత్రికి వెళ్లాలా, పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా? ఎటు తిరిగినా ఎండ, బళ్లు, తెలియని ముఖాలు.

నూనె చూశారు. టమాటాలు చూశారు. తర్వాత?

"సబ్బులంటే నీలంబోర్డేనమ్మాయ్" అని ఆయన వందసార్లు చెప్పుంటారు. వందసార్లూ ఆమె "అబ్బ, ఆపండి మామయ్యా" అనే అంది.

ఆటో దొరకలేదు. నీలంబోర్డు దాకా పరుగే.

సబ్బుల అర దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు మామగారు. పసుపు చీర కట్టుకున్నామె నేల మీద గొంతుకూర్చుని, బిస్కెట్టు నీళ్లలో ముంచి ఆయన నోటికి అందిస్తోంది. చంకలో ఆయన పర్సు.

"మామయ్యా!"

"వచ్చావా అమ్మాయ్? రాసుకో. సబ్బు ఇక్కడే చవక."

కోడలు ఆ పర్సు ఒక్క గుంజు గుంజింది.

"ఎవర్తివే నువ్వు? మతిలేని మనిషి కనబడితే వెంటబెట్టుకుని పోవడమేనా?"

"నేను తీసుకురాలేదండీ. ఆయనే నడిచారు. పర్సు రోడ్డు మీద పడిపోతే తీశాను."

"ఫోన్ చెయ్యడానికేం?"

"నంబరు అడిగితే కర్ర ఎత్తారు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని బళ్లకు అడ్డంగా వెళ్లబోయారు. అందుకని వెనకాలే..."

"ఇంతసేపూ వెనకాలే తిరిగావా? నీకింకో పనీపాటా లేదూ? నాకు కథలు చెప్పకు. పోలీసుల్ని పిలవనా?"

చుట్టూ జనం మూగారు. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో కూడా తీస్తున్నారు.

 పసుపు చీర ఆమె మిగిలిన బిస్కెట్లు మామగారి చేతిలో పెట్టింది.

"ఇంకొన్ని నీళ్లు తాగించండి. పెదాలు ఎండిపోతున్నాయి."

లేచి, తెగిపోయిన చెప్పు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

కోడలు పర్సు తెరిచి చూసింది. అన్నీ ఉన్నాయి. అయినా కోపం చల్లారలేదు. మామగారి చెయ్యి గట్టిగా పట్టుకుని తలుపు దగ్గరున్న వాచ్‌మన్ ముందు ఆగింది.

"ఆ పసుపు చీర మనిషిని ఇంకోసారి లోపలికి రానివ్వకండి."

"ఆవిణ్ణా? ఆవిణ్ణి నేను ఆపనమ్మా."

"ఏం, యజమాని చుట్టమా?"

వాచ్‌మన్ వీధి చివరకు చూశాడు. ఆమె అప్పటికే మలుపు తిరిగి కనుమరుగైంది.

"ఇలాగే మతి నిలవని వాళ్ల నాన్న రెండేళ్ల కిందట ఈ తలుపులోంచే బయటికెళ్లి మళ్లీ కనబడలేదు తల్లీ, ఆవిడ అప్పట్నించీ రోజూ ఈ మూడు షాపులూ వెతుకుతూనే ఉంది."