నలభై ఒకటో చీటీ

“‘కత్తులు మొన పైకి పెట్టి గిన్నెలో పడేశారు. చెయ్యి పెట్టినవాడి గతేంటి?’” చీటీ పైకి చదివి అక్క నుదురు కొట్టుకుంది. “ఇది ముప్ఫై ఎనిమిదోదండీ!”

ఎదురు బల్ల దగ్గర టీ తాగుతున్న మేస్త్రీ అయ్యో పాపం అన్నట్టు తలాడించాడు.

ఆ కుర్చీల ఫ్యాక్టరీలో క్యాంటీన్ అక్కది, వడ్రంగం షెడ్డు ఆమె భర్తది. అందరికీ ఆవిడ అక్క, ఆయన మేస్త్రీ. ప్రతి శాఖ గుమ్మం దగ్గరా ఒక పెట్టె ఉంటుంది. ఎక్కడైనా ప్రమాదం పొంచి ఉందనిపిస్తే ఎవరైనా సరే, పేరు లేకుండా చీటీ రాసి ఆ శాఖ పెట్టెలో వెయ్యొచ్చు. శాఖ పెద్ద శనివారం పెట్టె తెరిచి చదువుకుని సరిచెయ్యాలి. ఏడాది చివర ఒక శాఖకు భద్రతా షీల్డు ఇస్తారు. చీటీలు తక్కువ పడ్డవాళ్లకే అది దక్కుతుందని అందరి లెక్క.

మేస్త్రీ ప్రాణమంతా ఆ షీల్డు మీదే ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు. ఇంట్లో అల్మరా మీద మూడు కప్పులున్నాయి గానీ మూడూ అక్కవే. ఒకటి వంటకు, ఒకటి శుభ్రతకు, ఇంకోటి తాడు లాగే పోటీకి. వాటి పక్కన తనదంటూ ఒక్కటి చూసుకోవాలని ఆయనకు చెప్పుకోలేనంత ఆశ. రిటైర్మెంటు ఇంకా ఏడాదిన్నరే ఉంది.

“మా పెట్టెలో ఈ ఏడు ఒక్క చీటీ పడితే ఒట్టు,” అన్నాడు మీసం దువ్వుతూ.

“ఎలా పడుతుంది? రాస్తే ఊరుకోనని మీవాళ్లని ముందే బెదిరించారుగా. అవునూ, ఆ బొటనవేలికి కట్టేంటి?”

“ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే తెగింది.”

“మీరా? పెళ్లయ్యాక మీరు కత్తిపీట వైపు చూసిన పాపాన పోలేదు. షెడ్డులో కరెంటు రంపానికి తొడుగు ఉందా, ఊడిందా?”

మేస్త్రీకి ఉన్నట్టుండి టీ మీద శ్రద్ధ ఎక్కువైంది.

అక్క చీటీని అటూ ఇటూ తిప్పింది. “ఇవి ఎవరు రాస్తున్నారో తెలిస్తే బాగుండు. ఎడంచేత్తో రాసినట్టు వంకర అక్షరాలు, ఎర్ర పెన్సిలు.”

“ఇక్కడ ఎర్ర పెన్సిలు లేనిదెవరికి? చెక్క మీద గీత గియ్యాలంటే అదేగా. అందరూ భూతద్దం అంటారే, ఆ స్టోర్ కీపర్ అయ్యుంటాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం.”

“ఆయన క్యాంటీన్ గడప తొక్కి ఏడాదయింది. అన్నం డబ్బా ఇంటి నుంచే తెచ్చుకుంటాడు.”

“ఎవరైతేనేం, చించి పారెయ్.”

“అదెలా? రాసింది నిజమేగా.”

అక్క ఆ సాయంత్రమే గోడకు చెక్కపట్టీ కొట్టించి కత్తులన్నీ దానికి తగిలించింది. తడి నేల అని చీటీ వచ్చినప్పుడు గోనెపట్టాలు పరిచింది. దారికి అడ్డంగా డబ్బాలన్నప్పుడు అరలు కట్టించింది. ప్రతి చీటీనీ నోటుబుక్కులో అంటించి, దాని కింద తను చేసిన పని రాసుకుంది.

నలభై ఒకటో చీటీ మాత్రం శనివారం దాకా ఆగలేదు, పెట్టెలోనూ పడలేదు. మంగళవారం పొద్దున్నే గరిటెల డబ్బాలో దొరికింది. ‘పొయ్యి వెనక గ్యాస్ గొట్టం పగిలింది. వెంటనే మార్చండి.’ వెంటనే అన్న మాట కింద రెండు గీతలున్నాయి.

అక్క వంగి చూసింది, నిజమే. పొయ్యిలన్నీ ఆపించి ఫిట్టర్ కోసం కబురంపింది. అప్పటికే టీకని వచ్చి కూర్చున్న మేస్త్రీ, కొత్త గొట్టం బిగించేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

“ఈమధ్య మీకు టీ పిచ్చి ముదిరింది,” అంది అక్క.

ఆ తర్వాత చీటీలు రాలేదు.

బహుమతుల రోజున మేస్త్రీ కొత్త చొక్కా వేసుకున్నాడు. రెండు పేజీల ఉపన్యాసం జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. శాఖలన్నీ తిరిగి చూసొచ్చిన న్యాయనిర్ణేత పెద్దావిడ మైకు అందుకుంది.

“వడ్రంగం షెడ్డుకు చీటీలు సున్నా.”

మేస్త్రీ సగం లేచాడు.

“క్యాంటీన్‌కు నలభై ఒకటి.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“షెడ్డులో రంపం తొడుగు తీగతో వెనక్కి కట్టేసి ఉంది. ఒక్కరూ రాయలేదు. సున్నా అంటే ప్రమాదం లేదని కాదు, చెప్పే ధైర్యం లేదని. క్యాంటీన్‌లో నలభై ఒకటి చూశారు, నలభై ఒకటీ సరిచేశారు. షీల్డు క్యాంటీన్‌దే.”

సగం లేచిన మేస్త్రీ మళ్లీ కూలబడ్డాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అక్క షీల్డు పట్టుకుని మైకు ముందు నిలబడింది. “ఆ చీటీలు రాసిన పుణ్యాత్ములెవరో వచ్చి దీనికి ఒక చెయ్యి వెయ్యండి. గొట్టం చీటీ లేకపోతే నేనూ, నాతో పొయ్యి దగ్గర పనిచేసే నలుగురూ ఇవాళ ఉండేవాళ్లం కాదు.”

ఎవరూ లేవలేదు. మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు. ఏమైందని పక్కనున్న భూతద్దం అడిగితే, దుమ్ము పడిందన్నాడు.

షీల్డు అల్మరా మీద నాలుగోదిగా చేరింది. మర్నాడు పొద్దున మేస్త్రీ చెప్పులు వేసుకుంటూ, నేల చూపులు చూస్తూ అన్నాడు: “ఇవాళే రంపం తొడుగు బిగిస్తాను. మావాళ్లనీ చీటీలు రాయమంటాను.”

“వచ్చే ఏడు షీల్డు మీదే. మొదటి చీటీ మీరే రాయండి,” అంటూ అక్క ఆయన జేబులో కొత్త ఎర్ర పెన్సిలు పెట్టింది.

“నా దగ్గర ఉందిగా,” అంటూ చెవి వెనక తడుముకున్నాడు మేస్త్రీ.

అక్క నవ్వింది.

“అది మా పెట్టెకే అరిగిపోయిందిగా!”