శుక్రవారపు బల్ల

"ఒక్క సంగతి చెప్పండి. దాతల పేర్లు ఇత్తడి పలక మీద చెక్కిస్తారా, లేక కాగితం మీద అచ్చుకొట్టి అంటిస్తారా?" అని అడిగాడు హెడ్మాస్టర్ గ్రోమెక్.

పోలండ్ రాజధాని వార్సాలోని మ్యూజియం నుంచి వచ్చిన లిలియానా నవ్వింది. "పలక సంగతి తర్వాత చూద్దాం మేష్టారూ. ముందు సామాను రానివ్వండి."

ఆ మ్యూజియం బడులకు ఒక పాఠాల పెట్టె పంపుతుంది. యూదుల చరిత్ర, వాళ్ల మీద జరిగిన మారణహోమం పిల్లలకు చెప్పడానికి అందులో ఫొటోలు, పటాలు ఉంటాయి. ఆ పెట్టెతో మొదటిసారి వచ్చినప్పుడే లిలియానా ఈ సామాను మాట ఎత్తింది.

"యూదులు ఎలా చనిపోయారో మీ పిల్లలకి తెలుసు. ఎలా బతికారో తెలీదు," అంది లిలియానా. "శుక్రవారం సాయంత్రం, కొవ్వొత్తులు వెలిగించి సబ్బాతు విశ్రాంతిదినం మొదలుపెట్టే వేళ, వాళ్లింట్లో భోజనాల బల్ల ఎలా ఉండేదో చూపిద్దాం. ఊళ్లో పాత సామాన్లేమైనా ఉంటే అడిగి తెప్పించండి."

"మా ఊళ్లోనా! యుద్ధం అంతా ఊడ్చుకుపోయిందమ్మా. గిన్నె ముక్క కూడా మిగల్లేదు."

అలా అన్న పెద్దమనిషి, ఇలాంటి బల్లే పెట్టిన పక్క ఊరి బడి ఫొటో పేపర్లో పడిందని తెలియగానే మాట మార్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, సామాను ఇచ్చినవాళ్ల పేరు మ్యూజియంలో శాశ్వతంగా ఉండిపోతుందని చాటాడు.

ఇక చూడాలి. మర్నాటికల్లా బడి వరండా నిండిపోయింది.

రొట్టెల కొట్టు దోబోష్ రెండు వెండి కొవ్వొత్తి స్టాండ్లు తెచ్చాడు. "మా తాత దాచిపెట్టాడండీ."

"ఎవరికోసం?" అంది లిలియానా.

"ఎవరికోసమంటే... దాచాడంతే!"

మందుల షాపావిడ వెండి కప్పు తెచ్చింది. "మా అత్తగారు సంతలో కొన్నారు. ఆ రోజుల్లో అన్నీ కారుచవక!"

కప్పు తన స్టాండ్ల మధ్య పెడితే ఊరుకోనన్నాడు దోబోష్. మీ స్టాండ్లకి సొట్టలున్నాయందావిడ. ఇద్దరికీ సర్దిచెప్పేసరికి గ్రోమెక్ తలప్రాణం తోకకొచ్చింది. పోస్టుమాస్టరు కుట్టుపని చేసిన బల్లగుడ్డ ఇచ్చాడు. పళ్లేలైతే నాలుగిళ్ల నుంచి వచ్చాయి.

తానేం తక్కువని, గ్రోమెక్ తన ఇంట్లోని పింగాణీ సూపుగిన్నె మీద కన్నేశాడు. భార్య గెనోవెఫా అడ్డుపడింది.

"క్రిస్మస్‌కి సూపు దేంట్లో పొయ్యను? నీ నెత్తిమీదా?"

"పేరొస్తుందే పిచ్చిదానా! ఈ ఏడాదికి ప్లాస్టిక్ గిన్నెలో పొయ్యి."

శుక్రవారం వచ్చింది. తెల్లటి గుడ్డ మీద అన్నీ అమర్చారు. పిల్లలు, దాతలు చుట్టూ నిలబడ్డారు. కెమెరాతో విలేకరి కూడా దిగాడు. గ్రోమెక్ గొంతు సవరించుకున్నాడు.

"మా ఊరి ఐకమత్యం చూడండి! నాలుగిళ్ల పళ్లేలు, అన్నిటికీ ఒకటే నీలం అంచు! మనసులే కాదు, అభిరుచులు కూడా ఒక్కటే!"

చప్పట్లు మోగాయి. అంత ముచ్చటైన మాట అప్పటికప్పుడు తనకెలా తట్టిందా అని గ్రోమెక్ తనలో తనే మురిసిపోయాడు.

అప్పుడే లిలియానా ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. "మా అమ్మమ్మ రైజ్లా. ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంటబెట్టుకొచ్చాను."

ముసలివాళ్లందరికీ చెవుడే అన్నది గ్రోమెక్ నమ్మకం. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "మామ్మగారూ! చూడండి, ముట్టుకోకండి! మా వాళ్లు ప్రాణంలా కాపాడుకొచ్చిన సొత్తు!"

ఆవిడ సరేనన్నట్టు తలూపింది. తలూపుతూనే మధ్యలో ఉన్న కప్పు తీసి బల్ల మొదట్లో, ఇంటిపెద్ద కూర్చునే చోట పెట్టింది. స్టాండ్లు రెండూ దగ్గరికి జరిపింది. గ్రోమెక్ విలేకరి వైపు చూసి, పెద్దవాళ్ల చాదస్తం ఏం చేస్తాం అన్నట్టు కన్ను గీటాడు.

"ఎలా ఉన్నాయి మామ్మగారూ? నచ్చాయా?"

"బాగున్నాయి నాయనా. చక్కగా తోమారు."

"మరేమనుకున్నారు! మా గెనోవెఫా దగ్గరుండి తోమించింది!"

ఆవిడ సూపుగిన్నె మూత ఎత్తి లోపలికి చూసింది. మళ్లీ మూత పెట్టి, గోడవారగా నిలబడ్డ దాతల ముఖాలు ఒక్కొక్కటే పరకాయించి చూసింది.

"మా సూపు గరిటె ఎవరింట్లో ఉంది?"