ఎస్‌ఎస్‌డీకి సహజ మరణం

కోడి మెడ మీద కత్తి పెట్టమంటేనే కళ్లు మూసుకునే మనిషి ఒక హత్యకు పూనుకున్నాడు.

చావాల్సింది ముందు గదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఎస్‌ఎస్‌డీ. వయసు ఆరేళ్లు. అరచేతిలో ఇమిడే పలచటి డబ్బా. ఆ ఇంట్లో దాచుకున్న ఫొటోలూ వీడియోలూ అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి.

అతడు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. అందరూ మీటరు అనే పిలుస్తారు. భార్య ముందు గదిలో బట్టలు కుడుతుంది. "నేనిచ్చిన గుడ్డ ఇది కాదు" అని గొడవకొచ్చేవాళ్లకు చూపించడానికి కత్తిరింపు బల్లకు ఎదురుగా కెమెరా పెట్టించింది. బల్ల వెనకే బీరువా. కెమెరా చూసిందంతా ఎస్‌ఎస్‌డీలో చేరుతుంది.

కిందటి ఆదివారం భార్య బజారుకు వెళ్లగానే, మీటరు ఆ బీరువాలోంచి చనిపోయిన మామగారి వాచీ తీశాడు. తన తమ్ముడు కొత్త ఉద్యోగంలో చేరే రోజున అతడి చేతికి పెట్టాలని భార్య దాచిన వాచీ అది. చిన్ననాటి స్నేహితులు కలుస్తున్నారు, వాళ్ల ముందు పది నిమిషాలకోసారి టైము చూసుకోవాలని మీటరు ముచ్చట. చూసుకున్నాడు కూడా. టైమెంతయిందని అడిగినవాడు ఒక్కడూ లేడు. తిరుగుప్రయాణంలో పట్టీ ఎక్కడ తెగిందో తెలియదు. బస్సు దిగి చూసుకుంటే మణికట్టు ఉంది, వాచీ లేదు.

కెమెరా ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది.

బావమరిది నలభై రోజుల్లో వస్తాడు. ఆ రోజు వాచీ కోసం బీరువా తెరుస్తారు. ఏ దొంగవెధవ పనో అంటూ తనూ బుగ్గలు నొక్కుకోవచ్చు. కానీ ఆ వెంటనే భార్య కెమెరా చూస్తుంది, దొంగవెధవ ఎవరో తేలిపోతుంది. ఆ వీడియోలకు పాస్‌వర్డ్ ఆమెది. తను చెరపలేడు. వాటి మాట ఎత్తితే "మీకెందుకూ?" అంటుంది. వాచీ పోయిందని ఒప్పుకుంటే వారం రోజుల తిట్లతో పోయేది. అంత తేలిక దారి అతడికి ఎన్నడూ తోచదు.

డబ్బాను సుత్తితో కొడితే హత్యని తెలిసిపోతుంది. ఎద్దును గొడ్డలితో నరికితే ఊరు పోగవుతుంది. మోయలేని బరువేసి రోజూ తోలితే, పాపం వయసైపోయిందంటారు. ఎస్‌ఎస్‌డీదీ అదే కథని రిపేరు షాపతను ఎప్పుడో చెప్పాడు. లోపల కొత్త ఫైళ్లు రాసినకొద్దీ అరుగుతుందట. మామూలు ఇంటి వాడకానికి పదేళ్లయినా వస్తుంది. ఊపిరాడకుండా రాయిస్తే మాత్రం ఆయుష్షు కరిగిపోతుంది.

మీటరు ఊపిరాడకుండా రాయించాడు. తన పెళ్లి వీడియోను కాపీ చేయడం, చెరపడం, మళ్లీ కాపీ చేయడం. రాత్రింబవళ్లు అదే పని చేసే ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. ఒక్కసారైనా చివరిదాకా చూడని పెళ్లిని ఆ డబ్బా చేత రోజుకు కొన్ని వందలసార్లు మోయించాడు.

మిగిలిన ఆయుష్షు ఎంతో శాతాల్లో చూపే ప్రోగ్రాం ఇంకొకటి. నలభై ఒకటి. ముప్పై మూడు. ఇరవై. ఇన్నేళ్లూ పెరిగే అంకెలు రాసుకుని గుమ్మం గుమ్మానా తిట్లు తిన్నవాడికి, తగ్గే అంకెను చూడటం కొత్త సుఖం.

"ఏమండీ, కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. ఏం చేస్తున్నారు దాన్ని?"

"మన పెళ్లి వీడియో జాగ్రత్త చేస్తున్నానే."

ఆమె కత్తెర ఆపింది. "పాతికేళ్లకు గుర్తొచ్చిందా! ఒంట్లో బాగానే ఉందా?"

ఆ సాయంత్రం టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువే పడింది. మీటరు ఆ టీ తాగుతూనే అంకె ఎంత తగ్గిందో చూసుకున్నాడు.

ఒక సోమవారం పొద్దున అంకె సున్నాకు చేరింది. కంప్యూటర్ నల్లమొహం వేసింది. మీటరు తలస్నానం చేసి, శవం వెనక నడిచేవాడి మొహం పెట్టుకుని, భార్యతో కలిసి రిపేరు షాపుకు వెళ్లాడు.

షాపతను ఎస్‌ఎస్‌డీని ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు.

"పోయిందా తమ్ముడూ?" మీటరు గొంతులో దుఃఖం కాస్త మోతాదు మించింది.

"పోలేదండీ. అరిగి ఆగిపోయింది. కొన్ని ఇలాగే మొండికేస్తాయి. ఇక కొత్తగా ఒక్క ముక్క రాయనివ్వదు, ఉన్నదాంట్లో ఒక్క ముక్క చెరపనివ్వదు. చూసుకోడానికి మాత్రం అన్నీ పదిలంగా ఉంటాయి."

"చెరపాలంటేనో?"

"నా వల్ల కూడా కాదు. అయినా చెరపడం దేనికండీ, కాపీ చేసుకోవాలి గానీ!"

భార్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అమ్మయ్య! ఈయన పెళ్లి వీడియో మీద బెంగ పెట్టుకున్నారు."

"పెళ్లీ ఉంది, కెమెరావీ ఉన్నాయి. నీ పాస్‌వర్డ్ కొట్టక్కా, చూద్దాం."

ఆమె కొట్టింది. తెర మీద తేదీలవారీగా బొమ్మలు పరుచుకున్నాయి. మీటరు వీధిలో పడుకున్న కుక్కను ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. మొట్టమొదటి బొమ్మలో బీరువా తెరిచి ఉంది. దాని ముందు మీటరు, వాచీని మణికట్టుకు ఆనించి మురిసిపోతున్నాడు.

"నాన్న వాచీ..." అంది భార్య, చాలా నెమ్మదిగా.

షాపతను ఆమె మొహం చూడలేదు. పనిలో పనిగా ఆ బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాడు: "కుట్టిన బట్టలు నెలలోపే ఇచ్చేస్తానన్నావుగా అక్కా, అందుకే ముప్పై రోజులు దాటిన కెమెరా వీడియోలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాను, ఎస్‌ఎస్‌డీ ఇవాళే ఆగిపోబట్టి మిగిలింది గానీ, లేకపోతే ఇది రేపు పోవాల్సింది."