ఐదో పాయ

గురువారం మధ్యాహ్నంలోగా ఆ రాయి చేతికి రాకపోతే రాజబాబు ఉద్యోగం ఊడినట్టే. ప్రొడ్యూసర్ చలపతిరావు ఆ మాట అరిచి చెప్పలేదు. కిళ్ళీ నములుతూ నిదానంగా చెప్పాడు. అందుకే నమ్మాల్సి వచ్చింది.

చలపతిరావు తీసిన మూడు సినిమాలూ మొదటి వారంలోనే డబ్బాల్లో తిరిగొచ్చాయి. ఫిలింనగర్‌లో ఆయన చెయ్యి చాపని జోస్యుడు లేడు. కొత్తగా దిగిన త్రినాథరావు అనే జోస్యుడు మాత్రం అరచెయ్యి చూసి పెదవి విరిచాడు. ఈ చేతిలో విజయరేఖ లేదు, బయటినుంచి తెచ్చుకోవాల్సిందే అన్నాడు. ఎక్కడ దొరుకుతుందో కూడా ఆయనే చెప్పాడు. జూబ్లీహిల్స్‌లో సుబ్రహ్మణ్యం అనే రిటైరైన ప్రొఫెసర్ ఇంట్లో ఒక రాయి ఉందిట. అందులో పదిహేను కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన ఈగ ఉందిట. దాని రెక్క మీద ఏ ఈగకీ లేని గీత ఒకటుందిట. మొదటి షాట్‌కి ముందు క్లాప్ బోర్డుకి ఆ రాయి తాకిస్తే బొమ్మ వంద రోజులు ఆడుతుంది. ఆ వెంటనే రాయిని చెరువులో కలిపెయ్యాలి.

"అడిగితే ఆయనే ఇస్తాడేమోనండీ," అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ రాజబాబు.

"అడిగి తెచ్చింది పనిచెయ్యదంటయ్యా."

మంగళవారం రాజబాబు షూటింగ్‌కి ఇల్లు కావాలన్న వంకతో వెళ్ళాడు. ప్రొఫెసర్ కాఫీ ఇచ్చి, భూతద్దం చేతిలో పెట్టి, అడక్కుండానే రాయి తెచ్చి చూపించాడు. అరచెయ్యంత సున్నపురాయి పలక. అందులో సన్నటి రెక్క అచ్చు, దాని నిండా ఆకు ఈనెల్లాంటి గీతలు.

"ఇది వేలాడే ఈగ నాయనా. ముందుకాళ్ళతో కొమ్మ పట్టుకుని వేలాడుతూ, వెనక కాళ్ళతో పురుగుల్ని పట్టుకు తినేది. దీని చుట్టాలందరికీ రెక్కలో ఈ నడిమి ఈనె నాలుగు పాయలుగా చీలుతుంది. దీనికి చూడు, ఐదు. ఆ ఐదో పాయని బట్టే దీన్ని కొత్త ప్రజాతి అన్నాను. పేరు పెట్టి, బొమ్మ గీసి అచ్చు వేయించాను."

ఆ బొమ్మ చూసి, అసలు రాయి చూస్తానని కలకత్తా నుంచి శ్యామలాదేవి అనే పండితురాలు ఆరేళ్ళుగా ఉత్తరాలు రాస్తోందనీ, శుక్రవారం వస్తోందనీ కూడా చెప్పాడు. రాయి ఏ బీరువాలో పెట్టేదీ, ఆ బీరువాకి తాళం పట్టదన్నదీ, గురువారం పొద్దున తను టోలిచౌకి వెళ్ళేదీ ఏదీ దాచలేదు. ఇంత అమాయకుణ్ణి దోచుకోవాలా అనుకుంటూ రాజబాబు కాఫీ సగంలోనే వదిలేసి లేచాడు.

గురువారం వెళ్ళేసరికి వాచ్‌మన్ పోచయ్య బీడీ పారేసి లేచాడు.

"సారు లేడు. నేను గట్ల పోయి చాయ్ తాగొస్త, గంట పడ్తది. జర ఇల్లు చూస్తుండు," అని తాళంచెవి దొంగ చేతిలో పెట్టి మరీ పోయాడు.

ముహూర్తం ఘనంగా జరిగింది. ఈగకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, క్లాప్ బోర్డుకి తాకించారు. హీరోయిన్ తల్లి రాయికి దణ్ణం కూడా పెట్టుకుంది. ఆపైన దాన్ని రీలు డబ్బాలో పెట్టి దుర్గం చెరువుకి పంపారు. రాజబాబు గట్టు దాకా వెళ్ళాడు గానీ విసరడానికి చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చి భార్య ధనమ్మతో ఉన్నదంతా చెప్పేశాడు.

"మీ ప్రొడ్యూసర్ గారి ముచ్చట తీరిందిగా. ఆ పెద్దాయన వస్తువు ఆయనకిచ్చెయ్యండి. లేకపోతే ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకున్నా మీకు ఆ ఈగే కనపడుద్ది," అంది ఆవిడ.

శుక్రవారం వెళ్ళేసరికి ప్రొఫెసర్ హాల్లో కళ్ళకి కండువా అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే శ్యామలాదేవి ఓదారుస్తోంది. రాయి పోయినా మీ ఐదో పాయ ఎక్కడికీ పోదు మాస్టారూ, పుస్తకాల్లో నిలిచిపోతుంది అంటోంది.

రాజబాబు ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని, డబ్బా తీసుకెళ్ళి సరాసరి ఆవిడ చేతిలోనే పెట్టాడు. చెరువు గట్టున దొరికిందండీ అన్నాడు. ప్రొఫెసర్ లేచి తనని కావలించుకుంటాడనుకున్నాడు. ఆయన కండువా తీసి డబ్బాలోకి చూసి, ఇది నాది కాదన్నాడు. ఆవిడ అప్పటికే తడిగుడ్డతో కుంకుమ తుడిచి, భూతద్దం పెట్టి, పైకి వినపడేట్టు పాయలు లెక్కపెట్టడం మొదలెట్టింది.

ప్రొఫెసర్ రాజబాబు మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు. కోప్పడలేదు. పరీక్ష తప్పిన కుర్రాడి వంక చూసినట్టు చూశాడు.

"రాయి శుభ్రం చేస్తుంటే సూది జారి పడ్డ గీతయ్యా ఆ ఐదో పాయ, అదే మీ విజయరేఖ, నెల్లాళ్ళు కూచోబెట్టి పాఠం చెప్పి ఆ త్రినాథరావుని మీ ప్రొడ్యూసరు దగ్గరికి పంపింది నేనే."