ముప్పై ఒకటో చుక్క

మిట్టమధ్యాహ్నం, ఎనిమిదో తరగతి గదిలో గుడ్లగూబ కూసింది.

రవీందర్ సార్ చేతిలో సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగాడు. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. ఎవరికీ వినిపించలేదు. ఎప్పుడూ వినిపించదు.

“సార్, సగం రాసి ఆపిండ్రు. మిగిలింది మేమే సోచాయించుకోవాల్నా ఏంది?” ముందు బెంచీలోంచి బుజ్జి అంది.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఏడు నెలలుగా ఆ కూత ఆయన్ను వదలడం లేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద, హారన్ల మోతలోనూ వినిపిస్తుంది. లింగంపల్లిలో రైలు దిగుతుంటే వినిపిస్తుంది. దవాఖానకు వెళ్లి చెవులు చూపించుకున్నాడు. చెవులకేం కాలేదన్నారు.

బడిలో ఉన్నప్పుడు మాత్రం అది ఒక్కవైపు నుంచే వస్తుంది. మ్యాపు ఉన్న గోడవైపు నుంచి.

బడి చుట్టుపక్కల ఏ చెట్టు మీద ఏ పిట్ట ఉందో, ఏ కుంటలో ఏ కప్ప ఉందో పిల్లలే తిరిగి చూసి గీసిన మ్యాపు అది. బైనాక్యులర్లు, ఫోన్లు ఒక ఐటీ కంపెనీ కొనిచ్చింది. ఒక్కో జీవికి ఒక్కో రంగు చుక్క. ముప్పై ఒకటోది ఎర్రచుక్క. పాత క్వారీ గుట్ట మీద, తలపై కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబ. చూసినవారు: రవీందర్. ఆయన నింపిన ఫారం చుక్క పక్కనే అతికించి ఉంది.

పిల్లలు రోజూ ఆ చుక్క కింద ఒక బంతిపువ్వు గుచ్చుతారు. దీవెన కోసం.

దీవెనదీ ఇదే క్లాసు. ఆ గుడ్లగూబ కోసం పందొమ్మిది రోజులు వరసగా, బడి గంట కొట్టకముందే క్వారీకి వెళ్లింది. ఇరవయ్యో రోజు వాన పడింది. బండ మీద కాలు జారింది. గుంతలో నీళ్లు చాలా లోతు.

“మే ఐ కమిన్ సార్?”

గుమ్మంలో రసజ్ఞ. ఆ కంపెనీలో బళ్లకిచ్చే నిధుల వ్యవహారం చూసేది ఆమే. ఆమె వెనక, కంపెనీ టవర్లో ఊడ్చి తుడిచేవాళ్ల నీలం కోటులో, దీనమ్మ. దీవెన తల్లి.



“గుడ్ న్యూస్ సార్! ఫండింగ్ ఆల్మోస్ట్ ఓకే అయింది. ఈసారి పన్నెండు స్కూళ్లు. ప్రోగ్రామ్ పేరు దీవెన మ్యాప్. ఆంటీని కూడా అందుకే పిలిచాం.” రసజ్ఞ ఒక రంగుల కాగితం చూపించింది. దీవెన ఫొటో. కింద పెద్ద అక్షరాలు: ‘పక్షి కోసం ప్రాణం పెట్టిన చిన్నారి.’

“మా ఎక్స్‌పర్ట్ ఒక్కటే అడుగుతున్నారు సార్. గుడ్లగూబ రికార్డు కరెక్టేనని మీ సైన్ కావాలట. అది లేకపోతే ఫైల్ కదలదు.”

పెన్ను చేతిలో పెట్టింది.

సంతకం పెడితే పన్నెండు బళ్ల పిల్లలకు బైనాక్యులర్లు. నిజం చెబితే ఎవరికీ ఏమీ రాదు. దీనమ్మకు మాత్రం తన బిడ్డ దేనికోసం పోయిందో తెలుస్తుంది.

గోడవైపు నుంచి మళ్లీ కూత. ఈసారి చెవి పక్కనే.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. “అమ్మా, జర బయటికి వస్తరా? ఒక్క మాట.”

వరండాలోంచి క్వారీ గుట్ట కనిపిస్తోంది. దాని వెనక అద్దాల టవర్లు ఎండకు మెరుస్తున్నాయి.

“ఆ గుట్ట మీద గుడ్లగూబ లేదమ్మా,” అన్నాడు. “నేను చూడలే. అరుదైన జీవి ఒక్కటన్న లేకుంటే రెండో ఏడు ఏమీ ఇయ్యం అన్నరు కంపెనోళ్లు. పోరగాళ్ల చేతులల్లకెల్లి బైనాక్యులర్లు గుంజుకుంటరని భయమైంది. స్టాఫ్ రూముల కూసోని ఫారం నింపిన. నేనే చుక్క పెట్టిన.”

దీనమ్మ గుట్టవైపే చూస్తోంది.

“నన్ను నమ్మి, లేనిదాని కోసం పోయిందమ్మా నీ బిడ్డ.”

తర్వాత ఆయనవైపు తిరిగింది.

“గుడ్లగూబ లేదని తెలుసండి మాస్టారూ,” అంది.

“ఎట్ల... ఎట్ల తెలుసమ్మా?”

“పోలీసులు పాప సంచీ ఇచ్చారు కదండీ. అందులో నోటుపుస్తకం ఉంది. నాకొచ్చిన చదువు ఏడో క్లాసే, అయినా దాని రాత చదవగలను. మీ అంతట మీరే చెబుతారేమోనని ఏడు నెలలు చూశానండి. ఇవాళ కూడా చెప్పకుండా సంతకం పెట్టేస్తే, అందరి ముందూ ఇది మీ మొహాన కొట్టి పోదామనే వచ్చాను.”

కోటు జేబులోంచి నీళ్లకు ఉబ్బిన చిన్న నోటుపుస్తకం తీసింది.

“కొట్టమ్మా. నన్ను నమ్మినందుకే...”

“మిమ్మల్ని నమ్మి వెళ్లలేదండీ అది. చదవండి.”

మొదటి పేజీ తెరిచాడు. పైన, మ్యాపు మీద ఎర్రచుక్క పెట్టిన రోజు తేదీ. కింద దీవెన గుండ్రటి అక్షరాలు, సిరా చెదిరినా స్పష్టంగానే ఉన్నాయి:

‘గుడ్లగూబను చూశానని సార్ ఫారంలో రాసిన టైముకి, సార్ క్లాసులో మాకు పాఠం చెబుతున్నారు; కంపెనీవాళ్లు అది కనిపెట్టి సార్‌ను ఏమైనా అనేలోపు, ఆ గుట్ట మీద నిజం గుడ్లగూబను ఒక్కదాన్నైనా నేను వెతికిపెట్టాలి.’