తెరచాప నడిమి కుట్టు

వినుతా,

మన పడవల క్లబ్బువాళ్ళు పెన్నేటి వరదలో చిక్కుకున్నారని ఫోనులో అన్నావు. వరద లేదు, పాడూ లేదు. నడుములోతు నీళ్ళలో పడవను తోసుకుంటూ ఒడ్డుకు వచ్చారు. గట్టుమీద కూర్చుని నేనే చూశాను.

వేరుశనగ ఎండబోసే టార్పాలిన్‌తో తెరచాప కుట్టిపెడితే పడవలో చోటిస్తానని మాటిచ్చింది క్లబ్బు పెద్ద అమరనాథే, సోలార్ పార్కు ఇంజనీరు. డెబ్బై నాలుగేళ్ళకు మొదటిసారి పడవెక్కబోతున్నానని మంచి చీర కూడా తీసిపెట్టుకున్నాను. ఆదివారం పొద్దున, నడిమి కుట్టొక్కటే మిగిలి ఉండగా, అతను వచ్చి ఆకాశం చూశాడు.

"మబ్బు పట్టిండాది అవ్వా. గాలి యాడికి తిరుగుతాదో ఏమో. నువ్వు గట్టు మీదనే ఉండి మాకింత ఉగ్గాణి చెయ్యి."

"అట్లనే కానీ నాయనా," అని ఆ కుట్టు కూడా పూర్తి చేసి ఇచ్చాను.

నది మధ్యలో గాలి ఒక్క ఊపు ఊపింది. తెరచాప నడిమికి రెండుగా విడిపోయింది.

తడిసి ముద్దై గట్టెక్కిన అమరనాథ్ అన్నాడు: "ఏం గాలవ్వా అది! నిన్ను ఎక్కించకపోవడమే మంచిదైనాది."

"అవును నాయనా," అని బొరుగుల ఉగ్గాణి వడ్డించాను. పచ్చిమిరపకాయలు చేతికొచ్చినన్ని వేశాను.

వచ్చే ఆదివారం మళ్ళీ పోతారట. ముందు వరసలో నాకు చోటిస్తేనే తెరచాప ముట్టుకుంటానన్నాను. నలుగురి ముందూ ఒప్పుకున్నాడు.

శనివారం వచ్చేటప్పుడు పావగడ బజారులో మూటలు కుట్టే నైలాన్ దారం ఒక ఉండ తీసుకురా. పోయినసారిలా పూలు కట్టే దారంతో కుట్టడానికి వీల్లేదు. ఈసారి పడవలో నేనుంటాను.

అవ్వ